తాత తంబుర ముందు, మాండొలిన్ తర్వాత

ప్రశ్న: మా మామగారు బుర్రకథ చెప్పేవారు. ఆయన పోయాక తంబుర అటకెక్కింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి మాండొలిన్ కొనిపెట్టమంటోంది. పెద్దయ్యాక జానపద సంగీతమే తన వృత్తి అంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పలమనేరు

జవాబు: అమ్మా, మాండొలిన్ కొనండి. కానీ ముందు ఆ తంబురను కిందికి దించండి.

నేను తంబుర, ఏక్‌తార, మాండొలిన్, వయొలిన్ వాయిస్తాను, తిరుపతిలో పిల్లలకు నేర్పుతాను. ఎవరు ఏ వాద్యం పట్టుకుని వచ్చినా మొదట తంబుర దగ్గరే కూర్చోబెడతాను. శ్రుతి చెవికెక్కాకే వేళ్లకు పని.

తంబుర బుర్ర పగిలిందేమో, తీగలు బిగించే బిరడలు జారుతున్నాయేమో, తీగలు ఆనే బ్రిడ్జి అరిగిందేమో వీణలు బాగుచేసేవారికి చూపించండి. మెరవాలని ఇంట్లో వార్నిష్ పూయకండి. మందంగా పూస్తే చెక్క నాదం అణిగిపోతుంది. తీగలు కొత్తవి వేయించండి. నాలుగు తీగలదైతే వరసగా ప, స, స, కింది స. ఆ నాదం పట్టుకుని మీ అత్తగారిని గొబ్బి పాట పాడమనండి, అమ్మాయిని వెనక మీటమనండి. ఆవిడ ఎక్కడ ఎత్తుకుంటే అక్కడికే తంబురను శ్రుతి చేయాలి. పాడేవాళ్లను మన శ్రుతికి రమ్మనకూడదు. జానపదంలో తీగ వాయించేవాడి పనితనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

మన వైపు ఎండాకాలం జరిగే భారతమే చూడండి. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధినాటకం. ఎండ తగిలితే ఉక్కు తీగ సాగి శ్రుతి దిగుతుంది, తెల్లవారుజామున చల్లబడి ఎక్కుతుంది. ఈలోగా దుర్యోధనుడి వేషం కట్టినాయన ఉత్సాహం కొద్దీ పద్యం పైస్థాయిలో ఎత్తుకుంటాడు. హార్మోనియం ఆయన మెట్టు మార్చుకుంటే చాలు. మనం మాత్రం పాట ఆగకుండానే బిరడ తిప్పాలి, లేదా చెయ్యి జరుపుకోవాలి. అది గదిలో కూర్చుంటే రాదు. అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లండి, ఊరికే విననివ్వండి.

ఇక మాండొలిన్. ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జతలో రెండూ ఒకే స్వరం పలకాలి. కాస్త తేడా వచ్చినా చెవికి గుచ్చుకుంటుంది. పాలకొల్లు వారైన యు. శ్రీనివాస్ గారు స్వరాన్ని ఊపి పలికించే గమకం కోసం జతలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించారు. జానపదానికి నాకైతే జతలే ఇష్టం. పాటకు ఆ గలగల కావాలి.

బతుకు సంగతి దాచకుండా చెబుతాను. పన్నెండు మెట్ల కిన్నెర అనే జానపద తీగ వాద్యం వాయించిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయనకు డబ్బు కష్టాలు తప్పలేదు. పేరు, సంపాదన కలిసి రావు. భారతాల సీజన్లో చేతినిండా పని ఉంటుంది, వానాకాలంలో ఫోను మోగదు. నాకు ఏడాది పొడవునా అన్నం పెడుతున్నవి పాఠాలే. ఒక్క వాద్యమే వస్తే ఒక్క రకం కచేరీకే పిలుస్తారు. అందుకే హరికథకు వయొలిన్, తత్వాలకు ఏక్‌తార నేర్చుకున్నాను.

కాబట్టి చదువు మానిపించకండి. ఇంటర్ అయ్యాక తిరుపతిలోనే టీటీడీ వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. 1959 నుంచి నడుస్తోంది. అక్కడ వయొలినో, వీణో చదవచ్చు. రేపు బడిలో సంగీతం టీచర్‌గా చేరాలన్నా చేతిలో సర్టిఫికెట్ ఉండాలి.

తంబుర బాగయ్యాక మళ్లీ ఉత్తరం రాయండి. అమ్మాయి గొంతు ఏ శ్రుతిలో హాయిగా నిలుస్తోందో అందులో చెప్పండి. దాన్నిబట్టి మాండొలిన్‌కు ఎంత మందం తీగలు వేయించాలో చెబుతాను.