ఓవర్‌రేటెడ్ అనే ముందు ఆ పేరు కింద ఉన్న లెక్క చూడండి

ప్రశ్న: "ఉండాల్సినదానికంటే ఎక్కువ పేరున్న ప్రముఖులు ఎవరని మీరనుకుంటారు? ఎందుకు?"

ఈ ప్రశ్నకి వచ్చే జవాబుల్లో చాలావరకు "నాకు గిట్టని మనుషులు" అనే జాబితాలే. ఒకరు పేరు పెడతారు, ఆ పేరు తాలూకు అభిమానులు దిగుతారు, ఇక తేలేదేమీ ఉండదు. నేనూ పేర్లే చెప్తాను గానీ, ముందు మనిషిని కాసేపు పక్కన పెట్టి, ఆయన గురించి జనం అనే మాటని ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టండి. "ఎడిసన్ గొప్పోడు" అంటే తేల్చలేం. "కరెంటు బల్బు కనిపెట్టింది ఎడిసన్" అంటే తేల్చొచ్చు. తర్వాత మూడు విషయాలు చూడాలి: ఆయనకి ముందు ఏముంది, అదే సమయంలో ఇంకెవరు అదే పని చేస్తున్నారు, ఆయన కలిపింది కచ్చితంగా ఏంటి.

ఎడిసన్‌తోనే మొదలుపెడదాం. కరెంటుతో వెలుగు పుట్టించడం 19వ శతాబ్దం మొదట్లోనే హంఫ్రీ డేవీ చేసి చూపించాడు. గాజు బుడ్డిలో కార్బన్ తీగ పెట్టి వెలిగించే ప్రయత్నాలు ఇంగ్లాండులో జోసెఫ్ స్వాన్ ఎడిసన్ కంటే చాలా ముందునుంచీ చేస్తున్నాడు. ఆయన మొదటి దీపాలు నిలవకపోవడానికి కారణం బుడ్డిలో గాలి సరిగ్గా పోకపోవడం. ఆక్సిజన్ మిగిలితే కార్బన్ కాలిపోతుంది. 1865లో స్ప్రెంగెల్ పాదరసం పంపు వచ్చాకే ఆ గాలిని బాగా లాగేయడం కుదిరింది. స్వాన్ 1879 మొదట్లో తన దీపాన్ని సభలో చూపించాడు. ఎడిసన్ నూలుదారాన్ని బొగ్గు చేసి వెలిగించింది అదే ఏడాది అక్టోబరులో. చివరికి ఇంగ్లాండులో ఇద్దరూ కలిసి ఒకే కంపెనీ పెట్టుకున్నారు. కాబట్టి "బల్బు కనిపెట్టాడు" అన్న వాక్యం వరకు ఆయన ఓవర్‌రేటెడే.

కానీ ఇక్కడితో ఆగితే తప్పు చేసినట్టే. ఎడిసన్ నిజంగా కలిపింది ఎక్కువ రెసిస్టెన్స్ (కరెంటు పారకుండా తీగ ఇచ్చే అడ్డు) ఉన్న దీపం. అంతకుముందువాళ్ళు లావుపాటి కార్బన్ కడ్డీలు వాడేవాళ్ళు, వాటి రెసిస్టెన్స్ చాలా తక్కువ, అందుకే అవి తక్కువ వోల్టుల మీద ఎక్కువ కరెంటు లాగేవి. 100 వాట్ల దీపాన్ని 10 వోల్టుల మీద వెలిగించాలంటే 10 ఆంపియర్లు కావాలి; 100 వోల్టుల మీద అయితే 1 ఆంపియర్ చాలు. వైరులో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే అదే వైరులో నష్టం నూరు రెట్ల తేడా. సన్నటి, ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్న తీగ ఉంటేనే ఊరంతా రాగి వైరు లాగడం గిట్టుబాటవుతుంది. ఎడిసన్ ఈ లెక్క ముందు వేసుకుని, దానికి తగ్గ దీపాన్ని వెతికాడు. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో జనరేటరు, భూమి లోపల కేబుళ్ళు, మీటర్లు, దీపాలు అన్నీ కలిపి నడిపించాడు. బల్బు విషయంలో ఎక్కువ పేరు, వ్యవస్థ కట్టిన విషయంలో తక్కువ పేరు. నా జాబితాలో ఇలాంటివాళ్ళే ఎక్కువ.

ఇక ఆన్‌లైన్‌లో ఎడిసన్‌ని దించేసి ఆ పీట మీద నికోలా టెస్లాని కూర్చోబెట్టే అలవాటొకటి ఉంది. "ఏసీ కరెంటు (దిశ మార్చుకుంటూ పారే కరెంటు) కనిపెట్టింది టెస్లా" అంటారు. దీన్నీ అదే గీటురాయి మీద పెట్టండి. 1880ల మొదట్లోనే గోలార్డ్, గిబ్స్ ట్రాన్స్‌ఫార్మర్లతో ఏసీ పంపిణీ చేసి చూపించారు. 1885లో హంగేరీలో ముగ్గురు ఇంజినీర్లు దాన్ని బాగుచేశారు. 1886 మార్చిలో విలియం స్టాన్లీ అమెరికాలో గ్రేట్ బారింగ్టన్‌లో ఏసీతో దీపాలు వెలిగించాడు. టెస్లా మోటారు పేటెంట్లు వచ్చింది 1888 మేలో. అదే ఏడాది వసంతంలో ఇటలీలో గెలీలియో ఫెరారిస్ తిరిగే అయస్కాంత క్షేత్రం గురించి స్వతంత్రంగా ప్రచురించాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే మూడు ఫేజుల పద్ధతిని నిలబెట్టడంలో డోలివో-డొబ్రొవోల్‌స్కీ వాటా పెద్దది, ఆయన పేరు ఎంతమంది విన్నారు? టెస్లా మోటారు గొప్పదే, సందేహం లేదు. ఆయన్ని మొత్తం ఏసీకి తండ్రిని చేయడం మాత్రం సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టే.

ఆయన పేరు పెట్టుకున్న కంపెనీదీ అదే తంతు. ఎలక్ట్రిక్ కార్ల టెస్లా కంపెనీని 2003లో మొదలుపెట్టింది ఎబర్‌హార్డ్, టార్పెనింగ్. ఎలాన్ మస్క్ పెట్టుబడితో వచ్చింది 2004లో. 2009లో వ్యవస్థాపకులెవరన్న వ్యాజ్యం రాజీ అయ్యాక మొత్తం అయిదుగురు సహ వ్యవస్థాపకులు అని చెప్పుకోవచ్చని ఒప్పందం కుదిరింది. "మస్క్ మొదలుపెట్టాడు" అంటే ఓవర్‌రేటెడ్, "లక్షల కార్లు తయారుచేసే స్థాయికి తెచ్చాడు" అంటే కాదు.

క్రీడల్లో పని సులువు, అంకెలుంటాయి. అంకెలున్నాయని కళ్ళు మూసుకుంటే మాత్రం అక్కడే బోల్తా పడతాం. ఆస్ట్రేలియా బ్యాటర్ ఆడమ్ వోజెస్ టెస్టు సగటు 61.87. గ్యారీ సోబర్స్‌ది 57.78, టెండూల్కర్‌ది 53.78. అంటే వోజెస్ వాళ్ళకంటే మేటి అనుకోవాలా? సగటు అంటే పరుగుల్ని అవుటైన సార్లతో భాగించడం. వోజెస్ ఆడింది 20 టెస్టులు, 31 ఇన్నింగ్స్, 7 సార్లు నాటౌట్, 1485 పరుగులు. అందులో వెస్టిండీస్ మీద నాలుగు ఇన్నింగ్స్: 130 నాటౌట్, 37, 269 నాటౌట్, 106 నాటౌట్. అంటే 542 పరుగులకి ఒక్కసారే అవుట్. వాటిని తీసేయండి. 943 పరుగులు, 23 అవుట్లు, సగటు 41. ఇంకొకటి: 2016లో వెల్లింగ్టన్‌లో 7 పరుగుల దగ్గర ఆయన బౌల్డయ్యాడు, అంపైరు పొరపాటున నోబాల్ ఇచ్చాడు, ఆ ఇన్నింగ్స్ 239 దాకా సాగింది. ఆ 232 పరుగులూ తీస్తే దాదాపు 31కి వస్తుంది. పరుగులు ఆయనవే, కాదనడం లేదు. ఆ ఒక్క అంకె చూపించి సోబర్స్ పక్కన నిలబెట్టడం మాత్రం చెల్లదు.

ఇదే పరీక్ష బ్రాడ్‌మన్‌కి పెట్టండి. 80 ఇన్నింగ్స్, 10 నాటౌట్లు, 6996 పరుగులు, సగటు 99.94. ఆ పదింటినీ అవుట్లుగానే లెక్కేసినా 87.45 మిగులుతుంది. పేరుకి తగ్గ పని అంటే అది. అలాగని నాటౌట్లు ప్రతిచోటా మోసం కాదు. వన్డేల్లో మైకేల్ బెవన్ 196 ఇన్నింగ్స్‌లో 67 సార్లు నాటౌట్; నాటౌట్లనీ అవుట్లుగానే లెక్కేస్తే ఇన్నింగ్స్‌కి 35 పరుగులే, సగటు 53.58. కానీ చివరిదాకా ఉండి మ్యాచ్ ముగించడమే ఆయన పని. ఏ అంకెని ఎప్పుడు తీసేయాలో తెలియాలంటే ఆ ఆటలో ఆ మనిషి పాత్ర ఏంటో తెలిసుండాలి.

అన్నిటికంటే నష్టం చేసే ఓవర్‌రేటింగ్ ఇంకోటి: ఒక రంగంలో వచ్చిన పేరుని ఇంకో రంగంలో చెల్లించుకోవడం. అమెరికా శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్‌కి 1954లో రసాయన శాస్త్రంలో, 1962లో శాంతికి నోబెల్, రెండూ ఎవరితోనూ పంచుకోనివి. కెమిస్ట్‌గా ఆయన్ని ఎంత పొగిడినా తక్కువే. 1970 నుంచి ఆయన విటమిన్ సీ గ్రాముల కొద్దీ తీసుకుంటే జలుబు రాదని ప్రచారం చేశాడు. తర్వాతి పరీక్షలన్నీ కలిపి చూస్తే, రోజూ వేసుకున్నా మామూలు మనుషులకి జలుబులు తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దవాళ్ళలో సుమారు 8 శాతం తొందరగా తగ్గింది. వారం జలుబులో అది సగం రోజు. క్యాన్సర్ మీద అమెరికాలోని మేయో క్లినిక్ అనే ఆసుపత్రి రోజుకి 10 గ్రాములిచ్చి చూసింది, 1979లో, 1985లో ఫలితాలు ప్రచురించింది, లాభం కనపడలేదు. నోబెల్ పేరు లేకపోతే ఆ మాత్రల మాట అంతదూరం వెళ్ళేదా?

సెలబ్రిటీ సిఫారసులదీ అదే దారి, తేడా అల్లా చేతులు మారే డబ్బు. ఒక క్రిప్టో టోకెన్ (ఆన్‌లైన్‌లో కొని అమ్మే డిజిటల్ నాణెం) గురించి 2021లో పోస్టు పెట్టడానికి 2,50,000 డాలర్లు పుచ్చుకున్న సంగతి చెప్పలేదని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ టీవీ తార కిమ్ కర్దాషియన్ మీద అభియోగం మోపింది. ఆవిడ తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా 2022లో 12.6 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. ఫాలోవర్లు ఎంతమందైనా, ఆ టోకెన్ గురించి ఆవిడకి ఏం తెలుసన్నదే అడగాల్సిన ప్రశ్న.

నటులు, గాయకుల పేర్లు మాత్రం నన్నడగకండి. అక్కడ "ముందు ఏముంది, ఏం కలిపారు" అన్న లెక్క పూర్తిగా పనిచేయదు. పేరు ఎలా పోగవుతుందో మాత్రం ఒక ప్రయోగం బాగా చూపించింది. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు 14 వేల మందికి పైగా జనానికి 48 కొత్త పాటలు వినిపించారు. కొంతమందికి వేరేవాళ్ళ డౌన్‌లోడ్ సంఖ్యలు కనపడవు. మిగతావాళ్ళని ఎనిమిది గుంపులుగా విడదీసి, ఎవరి గుంపు సంఖ్యలు వాళ్ళకే చూపించారు. సంఖ్యలు చూడనివాళ్ళ లెక్కలో 26వ స్థానంలో ఉన్న ఒక పాట, ఒక గుంపులో మొదటి స్థానానికి వచ్చింది, ఇంకో గుంపులో 40కి పడిపోయింది. బాగా మంచివి అట్టడుగుకి పోవడం, బాగా చెత్తవి పైకి రావడం అరుదు. తలకిందులైందంతా మధ్యలో ఉన్నవే.