ఒకే సర్వర్‌లో వెబ్‌సైట్, మెయిల్ పెడితే పంపినవన్నీ స్పామ్‌లో ఎందుకు పడుతున్నాయి?

ఒకే వీపీఎస్‌లో (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) వర్డ్‌ప్రెస్ సైటు, మెయిల్ పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్స్‌లు చూసుకునే డవ్‌కాట్ నడుపుతున్నారు. మెయిల్స్ వస్తున్నాయి కానీ జీమెయిల్‌కి పంపినవి స్పామ్‌లో పడుతున్నాయి, ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) పెట్టినా అంతే, సొంత మెయిల్ సర్వర్ మానేయాలా అని అడిగారు. మానేయక్కర్లేదు. ఇలాంటి సర్వర్లే చాలా కాలంగా చూసుకుంటున్నాను కాబట్టి, నేనైతే ఏ వరసలో వెతుకుతానో చెప్తాను.

ముందు పీటీఆర్ రికార్డు. మీ ఐపీ అడ్రస్‌కి ఏ పేరుందో చెప్పేది ఇదే. ఇది మామూలుగా మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో దొరకదు, ఐపీ ఇచ్చిన కంపెనీ చేతిలో ఉంటుంది. వాళ్ల ప్యానెల్‌లో చూడండి, లేకపోతే టికెట్ పెట్టండి. అందులో ఉన్న పేరు మళ్లీ అదే ఐపీకి రావాలి, పోస్ట్‌ఫిక్స్‌లో మైహోస్ట్‌నేమ్ (సర్వర్ తన పేరని చెప్పుకునేది) కూడా అదే ఉండాలి. ఐపీవీ4కి అన్నీ సరిగ్గా పెట్టినా, సర్వర్ మాత్రం ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) మీద పంపుతూ ఉండొచ్చు. దానికి పీటీఆర్ విడిగా కావాలి. లాగ్ చూస్తే ఏ అడ్రస్‌కి కనెక్ట్ అవుతోందో తెలిసిపోతుంది.

తర్వాత డీకిమ్, అంటే పంపే మెయిల్‌పై మీ సర్వర్ వేసే డిజిటల్ సంతకం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. రోజుకు 5,000 దాటితే రెండూ ఉండాలి, డీమార్క్ (ఈ తనిఖీల్లో ఫెయిలైన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా తప్పనిసరి. మీరు పది మెయిల్స్ పంపినా సరే, మూడూ పెట్టండి. డీకిమ్ కోసం డీఎన్‌ఎస్‌లో పెట్టే 2048 బిట్ కీ ఒకే టెక్స్ట్ స్ట్రింగ్‌లో పట్టదు, 255 అక్షరాల పరిమితి ఉంది. విడగొట్టి ఇవ్వకపోతే కొన్ని ప్యానెళ్లు చెప్పకుండా కత్తిరించేస్తాయి. జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి షో ఒరిజినల్ నొక్కితే ఏది పాస్, ఏది ఫెయిల్ అన్నది కనిపిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా స్పామ్‌లోకే పోతుంటే, నా అనుమానం మీ వెబ్‌సైటు మీద. సైటు, మెయిల్ ఒకే ఐపీ వాడుతున్నప్పుడు సైటు చేసిన పాపం మెయిల్‌కి చుట్టుకుంటుంది. నేను చూసుకున్న ఒక సర్వర్‌లో ఉన్నట్టుండి మెయిల్‌క్యూ (పంపడానికి వరసలో ఉన్న మెయిల్స్) వేలల్లోకి పోయింది. మెయిల్ పాస్‌వర్డ్‌లు ఏవీ పోలేదు. పాత వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లోని లొసుగు ద్వారా అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఎవరో ఒక పీహెచ్‌పీ ఫైల్ పెట్టి, అక్కడి నుంచి స్పామ్ పంపుతున్నారు. పీహెచ్‌పీలో, పంపిన ఫైల్ పేరును హెడర్‌లో రాసే మెయిల్.యాడ్_ఎక్స్_హెడర్ సెట్టింగ్ ఆన్‌లో ఉంది కాబట్టి, క్యూలోని మెయిల్ చూపించే పోస్ట్‌క్యాట్ కమాండ్‌తో ఒక మెయిల్ తెరవగానే హెడర్‌లో ఆ ఫైల్ పేరు దొరికింది. క్యూ ఖాళీ చేయడం క్షణాల పని. ఐపీని బ్లాక్‌లిస్ట్ (స్పామ్ పంపే ఐపీల జాబితా) నుంచి తీయించుకోవడం, మళ్లీ నమ్మకం తెచ్చుకోవడం మాత్రం చాలా టెన్షన్ పెట్టాయి.

అందుకే అప్పటి నుంచి వెబ్ సర్వర్ యూజర్‌ని సెండ్‌మెయిల్ (పాస్‌వర్డ్ లేకుండానే సర్వర్ లోపలి నుంచి మెయిల్ పంపే కమాండ్) వాడనివ్వను. పోస్ట్‌ఫిక్స్‌లో ఆథరైజ్డ్_సబ్మిట్_యూజర్స్ అనే సెట్టింగ్ సరిగ్గా దీనికోసమే ఉంది. కాంటాక్ట్ ఫారమ్ మెయిల్ పంపాలంటే, దానికంటూ ఒక అకౌంట్ ఇచ్చి 587 పోర్టు ద్వారా పాస్‌వర్డ్‌తో పంపించండి. ఆ అకౌంట్‌కి గంటకు ఇన్నే అని పరిమితి పెట్టండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపేయండి. ఇంకో చిన్న వీపీఎస్ తీసుకునే వీలుంటే మెయిల్‌ని అక్కడికి మార్చడమే నా సలహా.

 

పాత కస్టమర్ వల్ల ఆ ఐపీకి ముందే చెడ్డపేరు ఉంటే వేరే ఐపీ అడగండి. ఇవ్వకపోతే, పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ (బయటికి వెళ్లే మెయిల్‌ని వేరే సర్వర్ ద్వారా పంపించే సెట్టింగ్) పెట్టి పంపడం వరకు బయటి సర్వీస్‌కి అప్పజెప్పండి. వచ్చే మెయిల్, మెయిల్‌బాక్స్‌లు ఎప్పటిలాగే మీ సర్వర్‌లోనే ఉంటాయి. ఆ సర్వీస్‌ని మీ ఎస్‌పీఎఫ్‌లో చేర్చడం మర్చిపోవద్దు.