ఎక్కడి దాకా వచ్చారు?

చిన్నీ,

నువ్వు బుక్ క్లబ్ మొదలుపెడుతున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. అందరూ ఒకే నవల చదువుతారట, పూర్తయ్యేదాకా ఆగకుండా మధ్యమధ్యలోనే కూర్చుని అభిప్రాయాలు చెప్పుకుంటారట. వింటుంటే ప్రాణం లేచొచ్చింది. అట్ట మీద బొమ్మ బాగుంటే తప్ప పుస్తకం తెరవని పిల్లవి, ఇప్పుడు నలుగురిని కూర్చోబెట్టి చదివిస్తానంటున్నావు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఏదో గుబులు పట్టుకుంది. రాత్రంతా అదే ఆలోచన. అందుకే ఈ ఉత్తరం.

పైపై పనులు నీకు తెలిసినవే. పది మందికి మించొద్దు. ఎంతవరకు చదివి రావాలో ముందే చెప్పు. అందరి దగ్గరా ఒకే అచ్చు ఉండదు, పేజీ నంబర్లు కలవవు, కాబట్టి అధ్యాయం లెక్కన చెప్పు. ఫోన్లు పక్కన పెట్టించు.

నా భయం వేరే. పూర్తిగా చదివినవాళ్ళు నవలని వెనక్కి తిరిగి చూసుకుంటూ మాట్లాడతారు. మధ్యలో ఉన్నవాళ్ళకి విసుగూ అనుమానమూ ఆశా అన్నీ పచ్చిగా ఉంటాయి. ఆ పచ్చిదనం కోసమే నువ్వీ పని పెట్టుకున్నావని నాకు తెలుసు, అది నాకూ ఇష్టమే. కానీ విసుగు పక్కవాళ్ళకి అంటుకుంటుంది. నేను అంటించాను.

నీ వయసులో ఉన్నప్పుడు మేమూ ఏడుగురం ఇలాగే కలిసేవాళ్ళం. నాకు మాట తేలిగ్గా వచ్చేది. నేను నోరు తెరిస్తే అందరూ చెవులు అప్పగించేవాళ్ళు. అది నాకు తెలుసు, బాగా ఇష్టం కూడా. మాలో ఒకాయన ఉండేవారు, నాకంటే పదేళ్ళు పెద్ద, నెమ్మదస్తుడు. తన వంతు వచ్చినప్పుడు ఒక లావుపాటి నవల తెచ్చారు. ఆయనకది రెండోసారి చదవడం. మొదటిసారి కూర్చునేలోపు మేం 80 పేజీలు చదవాలి. ఆ 80 పేజీల్లో ఒక ముసలాయన, తన తమ్ముడు ఇల్లు వదిలి వెళ్ళిపోయిన రోజు గురించి మూడుసార్లు చెప్తాడు. అదే వాన, అదే తలుపు, అదే గొడుగు.

"చెప్పిందే చెప్తున్నాడు. రాసినాయన దగ్గర సరుకు లేదు" అన్నాను. అందరూ నవ్వారు. పుస్తకం తెచ్చినాయన కూడా కొంచెం నవ్వారు. "190వ పేజీ దాకా వెళ్తే..." అని ఆగిపోయారు. "వెళ్తే ఏముంది, చెప్పండి" అని రెట్టించాను. ఆయన చేతిలో పుస్తకం మూసుకుని, అట్ట అంచుని బొటనవేలితో రుద్దుతూ, "మీరే చదవాలి" అన్నారు. చెప్పడానికి ఏమీ లేకే అలా అన్నారనుకున్నాను.

తర్వాతిసారికి నలుగురు ఆ నవల వదిలేసి వచ్చారు. "మీరన్నట్టే ఉందండీ" అన్నారు, 81వ పేజీ కూడా తిప్పకుండానే. ఇంకో రెండుసార్లు వచ్చి ఆయన రావడం మానేశారు.

పదకొండేళ్ళ తర్వాత జ్వరంతో మంచం మీద ఉండగా అదే నవల చేతికొచ్చింది. చిన్నీ, ముసలాయన మూడుసార్లు చెప్పింది ఒకటి కాదు. మొదటిసారి గొడుగు తలుపు పక్కన ఉంది. రెండోసారి తమ్ముడి చేతిలో ఉంది. మూడోసారి గొడుగు ఊసే లేదు. మూడుసార్లూ ఉందని నేను ఒట్టు పెట్టి చెప్పేదాన్ని. 190వ పేజీకి వచ్చేసరికి తెలిసింది, ఆయన మతిమరుపుతో చెప్పిందే చెప్పడం లేదు, ఏదో దాస్తున్నాడని.

ఆ రోజు పుస్తకం తెచ్చినాయన నన్ను ఒక్క మాటతో నోరు మూయించగలిగేవారు. "గొడుగు చూడండి" అంటే చాలు. అంటే మాత్రం మా ఆరుగురికీ ఆ పేజీ దక్కకుండా పోతుంది. అందుకని ఆయన అందరి ముందూ చిన్నబోవడానికి సిద్ధపడ్డారు. తెలిశాక పాత చిరునామాకి ఉత్తరం రాశాను. తిరిగొచ్చింది.

మధ్యలో విసుగు రావడం తప్పని నేననను. ఇంగ్లీషు నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ అంతటి ఆవిడకే వచ్చింది. 1922 ఆగస్టులో జేమ్స్ జాయిస్ నవల 'యులిసిస్' చదువుతూ, మొదటి రెండు మూడు అధ్యాయాలు బాగున్నాయనీ తర్వాత విసుగెత్తిందనీ డైరీలో రాసుకుంది. సెప్టెంబరులో పూర్తిచేసి, గురి తప్పిన పుస్తకం అంది. అది రాశాక భర్త ఒక సమీక్ష తెచ్చి ఇస్తే చదివి, తను అనుకున్నదానికంటే ఆ నవల గొప్పగా కనిపిస్తోందని అదే డైరీలో ఒప్పుకుంది. నేను ఈ సంగతి పట్టుకోవడానికి కారణం ఒకటుంది. ఆగస్టులో రాసినప్పుడు, 200 పేజీలే అయ్యాయి, ఇంకా మూడో వంతు కూడా కాలేదని పక్కనే రాసుకుంది. నేను 80 పేజీల దగ్గర నిలబడి మొత్తం నవల గురించి మాట్లాడాను.

కాబట్టి ఎవరు ఏం చెప్పబోయినా ముందు "ఎక్కడి దాకా వచ్చారు?" అని అడుగు. "బోర్" అంటే ఎక్కడ బోర్ కొట్టిందో ఆ పేజీ తీయించి, నాలుగు వాక్యాలు పైకి చదివించు. సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. తర్వాత ఏమవుతుందో ఊహించమను, అంతకు మించిన సరదా లేదు. కానీ ముందే చదివేసినవాళ్ళు ఆ సమయంలో ముసిముసిగా నవ్వకూడదని గట్టిగా చెప్పు. గబగబా మాట్లాడేవాళ్ళకి చివర్లో అవకాశం ఇవ్వు. ఆ చివరి వరుసలో నువ్వు కూడా ఉండాలి.

కోపం తెచ్చుకోకు. నీకు నా నోరే వచ్చింది. పోయినసారి వచ్చినప్పుడు నేను చదువుతున్న నవల నాలుగు పేజీలు తిరగేసి "ఇందులో ఏముందత్తా" అన్నావు. చెంప ఛెళ్ళుమన్నట్టయింది నాకు. తెల్లారి లేచి చూస్తే నువ్వు లైటు వేసుకునే నిద్రపోయావు, ఆ నవల నీ గుండెల మీద బోర్లా ఉంది, సగానికి పైగా అయింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, పేజీ పోకుండా దారం వేశాను. నీ తొందర నాదే, కానీ మళ్ళీ తెరిచి చూసే గుణం నీకుంది. ఆ వయసులో నాకది లేదు.

ఆ ముసలాయన నవల పేరు కావాలనే రాయలేదు. ఇప్పటికే నీకు చాలా చెప్పేశాను. ఎప్పుడైనా నీ చేతికి వస్తే అదేనని తెలియకుండా చదవాలి నువ్వు.

మొదటి రోజు అవ్వగానే నాకు రాయి. ఎవరు బాగా మాట్లాడారన్నది తర్వాత. ఎవరు ఏదో అనబోయి ఆగిపోయారో, అది రాయి.

మీ అత్త