తక్కువ మార్కులు వచ్చిన వారందరికీ ఒకే పాఠం సరిపోదు

మేడమ్ గారూ, బేస్‌లైన్ పరీక్షలో (పిల్లల ప్రస్తుత స్థాయి తెలుసుకోవడానికి మొదట పెట్టే రాతపరీక్షలో) తెలుగులో తక్కువ మార్కులు వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లలను ఒకే బృందంగా కూర్చోబెట్టి గుణింతాలు, వత్తులు నేర్పిస్తున్నా సగం మందిలో మార్పు లేదని రాశారు. రాతపరీక్ష మార్కు పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చెప్పదు కాబట్టి, ముందుగా ఒక్కొక్కరినీ తోటివారికి వినబడని చోట కూర్చోబెట్టుకుని, కొత్త పేరా ఒకటి నిమిషం పాటు పైకి చదివించి, తడబడిన మాటలను వారు పలికినట్టే రాసుకోండి. ‘స్వాతంత్ర్యం’ అన్న మాటను ‘సాతంతం’ అని దాటేసే పిల్లవాడికి గుణింతాలు మొదటినుంచీ అక్కర్లేదు. సంయుక్తాక్షరాలపైనే రోజూ కాసేపు సాధన కావాలి. తరువాత వారు చదివిన పేరాపై కొన్ని ప్రశ్నలడిగి, అదే స్థాయి మరో పేరాను మీరే చదివి వినిపించి దానిపైనా ప్రశ్నలడగండి. విన్నప్పుడు చక్కగా చెప్పి, చదివినప్పుడు చెప్పలేకపోతే ఇబ్బంది అక్షరాలను కూడబలుక్కోవడంలోనే ఉంది; గడగడా చదివినా, విన్నా కూడా చెప్పలేకపోతే కావలసింది పదసంపద, విషయపరిచయం. ఇంట్లో గోండి, లంబాడీ మాట్లాడే పిల్లల విషయంలో ఈ తేడా గమనించడం మరీ ముఖ్యం. ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యా సంస్థవారి అసర్ పరీక్ష (పిల్లల చేత చదివించి స్థాయి చూసే పరీక్ష) తొలి వడపోతకు పనికొస్తుంది గాని, అందులోని పై స్థాయి రెండో తరగతి కథే కనుక, దాన్ని దాటినవారికి ఏ ఇబ్బందీ లేదనుకోకండి. రెండు మూడు వారాలకోసారి అంతే కష్టమైన మరో పేరాతో చూసి, మార్పు కనబడని చోట పద్ధతి మార్చండి. ఆ పిల్లల చూపు, వినికిడి కూడా తప్పక పరీక్ష చేయించండి.