అంపైర్స్ కాల్ తీసేస్తే తప్పులు పోతాయా?

మీ ప్రశ్న ఇది: ఇన్ని కెమెరాలు వచ్చాక కూడా తప్పుడు నిర్ణయాలు ఎందుకు వస్తున్నాయి, 'అంపైర్స్ కాల్' (లెక్క అంచు మీద ఉంటే మైదానంలోని అంపైర్ మాటే నిలవడం) తీసేసి ఎల్బీడబ్ల్యూ (ప్యాడ్‌కు తగిలిన బంతి వికెట్లకు తాకేదేనని ఔట్ ఇవ్వడం) మొత్తం కంప్యూటర్‌కే వదిలేయొచ్చు కదా? నేను విశాఖలో క్లబ్ లీగ్‌లకు, కాలేజీ మ్యాచ్‌లకు అంపైరింగ్ చేస్తాను. వదిలేయకూడదనే నా జవాబు. జరిగినదాన్ని చూపించడం వేరు, జరగబోయేదాన్ని లెక్కగట్టడం వేరు. మొదటి పనిలో టెక్నాలజీకి తిరుగులేదు. రెండో పనిలో దానికీ ఒక హద్దుంది.

1992లో డర్బన్ టెస్టులో సచిన్ రనౌట్‌ను టీవీ రీప్లే చూసి తేల్చారు. అలా ఔటైన మొదటి ఆటగాడు సచినే. బ్యాట్ గీత దాటిందా లేదా అన్నది బొమ్మలో కనబడుతుంది, ఇక వాదన ఉండదు. 2008 సిడ్నీ టెస్టు మీకు గుర్తుండే ఉంటుంది. 30 పరుగుల దగ్గర ఆస్ట్రేలియా బ్యాటర్ సైమండ్స్ ఎడ్జ్ ఇచ్చాడు (బంతి బ్యాట్ అంచుకు తగిలింది), ధోనీ క్యాచ్ పట్టాడు, అంపైర్ స్టీవ్ బక్నర్ నాటౌట్ అన్నారు. సైమండ్స్ 162 కొట్టి అజేయంగా నిలిచాడు. రివ్యూ మిగిలి ఉంటే ఈరోజు అలాంటి తప్పు రెండు నిమిషాలు కూడా నిలవదు. అంపైర్ నిర్ణయాన్ని టీవీలో మళ్లీ చూడమని ఆటగాళ్లు అడిగే డీఆర్ఎస్ పద్ధతి చేసిన అసలు మేలు ఇదే.

దాన్ని మన బోర్డు చాలాకాలం ఒప్పుకోలేదు. 2008లో శ్రీలంకలో ప్రయోగాత్మకంగా ఆడినా, ఆ తర్వాత స్వదేశీ సిరీస్‌లలో 2016 నవంబర్ దాకా రానివ్వలేదు. ఇంగ్లండ్‌తో రాజ్‌కోట్ టెస్టులో మొదలై, రెండో మ్యాచ్‌కే మన పీఎం పాలెం స్టేడియానికి వచ్చింది. విశాఖకు అదే తొలి టెస్టు. నాలుగో రోజు ఇంగ్లండ్ ఓపెనర్లు కుక్, హమీద్ యాభై ఓవర్లు గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఆ రోజు ఆఖరి బంతికి జడేజా కుక్‌ను ప్యాడ్ మీద కొట్టాడు. అంపైర్ నాటౌట్ అన్నారు, మనవాళ్లు రివ్యూ అడిగారు, నిర్ణయం మారింది. మర్నాడు ఇంగ్లండ్ 158కే చేతులెత్తేసింది.

అదే స్టేడియంలో 2024 ఫిబ్రవరిలో రెండో రకం సంగతి చూశాం. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ ఓపెనర్ క్రాలీ 73 మీద ఉండగా కుల్దీప్ బంతి ప్యాడ్‌కు తగిలింది. అంపైర్ నాటౌట్ ఇచ్చారు. మామూలు కంటికి బంతి లెగ్ స్టంప్ పక్కనుంచి పోయేలా కనిపించింది. బంతి దారిని లెక్కగట్టే బాల్ ట్రాకింగ్ మాత్రం లెగ్ స్టంప్‌కు తగులుతుందని చూపించింది, అతను ఔట్. ఈసారి టెక్నాలజీ పొరపాటు పడిందని తన అభిప్రాయమని మ్యాచ్ అయ్యాక ఇంగ్లండ్ కెప్టెన్ స్టోక్స్ అన్నాడు. అతను చెప్పిందే నిజమని నేను అనను. కానీ ఆ అనుమానం రావడం తప్పు కాదు, దానికి కారణముంది.

బౌలర్ చేయి వదిలినప్పటి నుంచి ప్యాడ్ తగిలే దాకా బంతి ఎక్కడెక్కడ ఉందో కెమెరాలు నిజంగా చూస్తాయి. తగిలాక బంతి ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. స్క్రీన్ మీద వికెట్ల దాకా వెళ్లే దారి, అప్పటి దాకా నమోదైన కదలికను బట్టి కంప్యూటర్ గీసింది. బంతి పడిన వెంటనే ప్యాడ్‌కు తగిలితే, అందులోనూ స్పిన్ అయితే, పడ్డాక అది ఎటు తిరిగిందో కొలవడానికి దొరికే దూరం చాలా తక్కువ. కొలత తగ్గేకొద్దీ లెక్కలో నమ్మకం తగ్గుతుంది. ఆ కాస్త అనుమానానికి ఇచ్చిన పేరే అంపైర్స్ కాల్. బంతిలో సగం కంటే తక్కువ భాగం వికెట్లకు తాకుతుందని లెక్క వస్తే, మైదానంలోని అంపైర్ ఏమన్నారో అదే నిలుస్తుంది. 'కొంచెం తాకినా తాకినట్టే కదా' అని చాలామంది అడుగుతారు. నిజంగా తాకి ఉంటే సరే. ఇక్కడ తాకేదనే అంచనా మాత్రమే ఉంది. అంచనా అంచు మీద ఉన్నప్పుడు, బంతిని నేరుగా చూసిన మనిషి మాటకు విలువ ఇవ్వడం న్యాయం.

ఎడ్జ్ విషయంలో కూడా యంత్రం తనంతట తాను తీర్పు చెప్పదు. 2024 నవంబర్‌లో పెర్త్‌లో రాహుల్‌ను స్నికో (మైక్ విన్న చప్పుడును గీతగా చూపే పరికరం) గీత చూసి ఔట్ ఇచ్చారు. ఆ చప్పుడు బ్యాట్ ప్యాడ్‌కు తగిలినందువల్ల వచ్చిందా అన్న గొడవ ఇంకా తీరలేదు. నెల దాటాక మెల్‌బోర్న్‌లో, మన గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టిన టెస్టులోనే, జైస్వాల్‌కు దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. స్నికోలో గీతే లేదు, అయినా బంతి దిశ మారడం స్పష్టంగా కనబడిందని థర్డ్ అంపైర్ ఔట్ ఇచ్చారు. మైక్ ఏం వింది, కెమెరా ఏం చూసింది, రెండూ కలిపి ఏం అర్థం చేసుకోవాలి అన్నది చివరికి మనిషే తేల్చాలి. జైస్వాల్ విషయంలో నేను ఆ థర్డ్ అంపైర్ పక్షమే.

ఎందుకంటే మాకు మైదానంలో రోజూ ఇదే పని. విశాఖలో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. పెద్ద మైదానంలో పక్క పిచ్ మీద ఇంకో మ్యాచ్, వాళ్ల అప్పీళ్లు మనకు వినిపిస్తుంటాయి. సన్నటి ఎడ్జ్ చప్పుడు బౌలర్ ఎండ్ దాకా రాదు. అప్పుడు చెవిని నమ్మను. బంతి సీమ్ ఊగిందా, దారి మారిందా, కీపర్ గ్లవ్స్ చివరి క్షణంలో ఎటు కదిలాయి అన్నవి చూస్తాను. గాలికి బెయిల్స్ నిలవకపోతే ఇద్దరు అంపైర్లం మాట్లాడుకుని వాటిని తీసేసి ఆడించొచ్చు, నిబంధనల్లోనే ఉంది. అప్పుడు బంతి స్టంప్‌కు తగిలిందా లేదా అన్నది పూర్తిగా అంపైర్ తీర్పే.

ఇంకోటి. అంతర్జాతీయ మ్యాచ్‌లలో 2020 నుంచి ఫ్రంట్ ఫుట్ నోబాల్‌ను (బౌలర్ ముందుకాలు గీత దాటితే ఇచ్చేది) టీవీ అంపైర్‌కు అప్పగించారు. చాలా మంచి మార్పు. 130 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాటర్‌ను చేరడానికి సుమారు అర సెకను. ఆ అర సెకనులో లీగ్ అంపైర్ ముందు బౌలర్ కాలు చూడాలి, తర్వాత తలెత్తి బంతిని పట్టుకోవాలి. ఈ తేడా తెలియని కుర్రాళ్లు టీవీలో చూసినట్టే చేతులతో రివ్యూ కోరే 'టీ' గుర్తు చూపించి నవ్వుతుంటారు, ఔటయ్యాక క్రీజులోనే నిలబడి గుడ్లురిమి చూస్తారు. ఎండలో పొద్దుటి నుంచి నిలబడ్డ మనిషికి అది చాలా బాధగా ఉంటుంది. కోచ్‌లు దీన్ని మొదటి రోజే మానిపించాలి.

మీ క్లబ్ మ్యాచ్‌లలో టెక్నాలజీ కావాలంటే ఒక పని చేయండి. రెండు ఫోన్లను స్టాండ్ల మీద పెట్టి, రెండు వైపులా క్రీజు గీతకు సరిగ్గా ఎదురుగా నిలపండి. ఇద్దరు కెప్టెన్లూ టాస్‌కు ముందే ఒప్పుకుని, రనౌట్, స్టంపింగ్‌లకు మాత్రమే, అదీ అంపైర్ అడిగితేనే చూడండి. ఎల్బీడబ్ల్యూకి ఫోన్ వీడియో వద్దు. పిచ్‌కు నేరుగా వెనకనుంచి కాకుండా కొంచెం పక్కకు జరిగి తీసినా, లెగ్ స్టంప్ బయట పడిన బంతి లోపల పడినట్టు కనబడొచ్చు.