వాద్యాలు లేకుండా గాయక బృందం వాన, గాలి శబ్దాలు ఎలా తెస్తుంది?

అందరూ ఒకేసారి పలకకపోవడం వల్లే. స్కోరులో, అంటే పాట స్వరాలు రాసిన ప్రతిలో, కొన్ని స్వరాలో అక్షరాలో ఇచ్చి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత వేగంగా పలకాలి అన్నది గాయకులకే వదిలేస్తారు. ముప్పై మంది 'టప్', 'టిప్' అని ఎవరి లయలో వాళ్లు అంటుంటే చినుకులు వినిపిస్తాయి, అదే అందరూ ఒకే లయలో అంటే కవాతులా ఉంటుంది. గాలికైతే గొంతు కూడా అక్కర్లేదు. 'ష్' అంటూ ఊపిరి వదులుతూ పెదాలు గుండ్రంగా చేస్తే శ్రుతి దిగుతుంది, సాగదీస్తే పెరుగుతుంది.

కెనడా స్వరకర్త ముర్రే షేఫర్ 1971లో రాసిన 'మినివాంకా' తప్పకుండా వినండి, వాన నుంచి సముద్రం దాకా నీటి రూపాలన్నీ గొంతులతోనే వస్తాయి. మీరే ఇంప్రొవైజ్ చేస్తుంటే, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడుతుంటే మాత్రం ముందు పక్కవాళ్లని వినాలి, వాళ్లు ఆగిన చోటే మీ చినుకు పడాలి.