జిప్సీ దొరికింది సరే, అదిప్పుడు ఎవరిది?

ప్రశ్న: మాది నెల్లూరు. నాన్నగారు ప్రాణంగా చూసుకున్న 2012 మోడల్ మారుతి జిప్సీని ఆయన పోయాక నా పేరుకు మార్చుకున్నాను. 2022 అక్టోబరులో మాగుంట లేఅవుట్‌లో ఇంటి ముందు నుంచే ఎత్తుకుపోయారు. ఆచూకీ లేదని పోలీసులు కేసు మూసేశారు. జిప్సీలంటే పడిచచ్చే నా మిత్రులు మొన్న చీమకుర్తిలో ఒక టీ కొట్టు ముందు దాన్ని చూసి ఫోటోలు పంపారు. నంబరు ప్లేటు వేరే. వెనక నాన్న వెల్డింగ్ చేయించిన హుక్కు మాత్రం అదే. ఫోటో చూసి అమ్మ ఏడ్చేసింది. మూడో తాళం నా దగ్గరే ఉంది. అందరం వెళ్లి రాత్రికి రాత్రే తెచ్చుకోవచ్చా? ఇన్సూరెన్స్ కింద రూ.2,10,000 అప్పట్లోనే వచ్చింది.

జవాబు: మీ కేసంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది. దాన్ని మీరు పోనీలే అన్నట్టు రాశారు.

చోరీ క్లెయిమ్ పూర్తిగా చెల్లించేటప్పుడు కంపెనీ సబ్రొగేషన్ లెటర్ (బండి మీద మీ హక్కులను కంపెనీకి అప్పగించే పత్రం) తీసుకుంటుంది. మామూలుగా ఆర్సీ బదిలీకి 29, 30 ఫారాల మీద సంతకాలు, తాళాలన్నీ కూడా తీసుకుంటుంది. అంటే బండి దొరికితే దాన్ని రాబట్టుకునే హక్కు ఇక కంపెనీది. మీరు ఏం సంతకం పెట్టారో ఆ కాపీలు తీసి చదవండి. ఆర్సీ ఇప్పుడు ఎవరి పేరున ఉందో రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూడండి. అన్నట్టు, ఆ మూడో తాళం సంగతి క్లెయిమ్ ఫారంలో చెప్పారా? చెప్పకపోతే దాన్ని చేతిలో పట్టుకుని చీమకుర్తి వెళ్లడం ఎంత తెలివితక్కువ పనో మీరే ఆలోచించండి.

రాత్రి వెళ్లి తెచ్చుకోవద్దు. డబ్బూ తీసుకుని, బండీ దాచుకున్నారంటే కంపెనీ మీమీదే మోసం కేసు పెట్టగలదు. ఇప్పుడు వాడుతున్నవాడు ఏమీ తెలియక కొన్నవాడైతే, తన బండి పోయిందని అతనూ స్టేషన్‌కెళ్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, పంచనామాతో అతని దగ్గర స్వాధీనం చేసుకోవాల్సిన బండి మీ షెడ్డులో దొరికితే, ఎవరి నుంచి ఎవరికి చేరిందో ఇక రుజువు చేయలేరు.

మీ మిత్రులు మంచి పనే చేశారు, కానీ సగమే. హుక్కు చూసి అనుమానించవచ్చు, కోర్టు అడిగేది ఛాసిస్ నంబరు. మారుతికి 17 అక్షరాల ఆ నంబరు ఎంఏ3తో మొదలవుతుంది. అది ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది. దాన్ని చూడాల్సింది పోలీసులు, బండి కిందికి దూరి మీవాళ్లు కాదు. గ్రైండర్‌తో చెరిపేసినా ఫోరెన్సిక్ ల్యాబులో రసాయనాలు పూసి పాత అంకెలు రప్పించే అవకాశం ఉంది. అదీ కుదరకపోతే అప్పుడు హుక్కుకు విలువ వస్తుంది. వెల్డింగ్ బిల్లు, హుక్కు కనబడే పాత ఫోటోలు వెతికి పెట్టండి. టీ కొట్టు దగ్గర ఫోటో తీసిన మిత్రుడు ఆ ఫోన్ అలాగే ఉంచాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన కాపీ చాలదు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. ఫోటోలు ఎక్కడైనా పోస్టు చేసి ఉంటే ఈ రోజే తీసేయించండి. అవతలివాడు చూస్తే బండిని ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేస్తాడు.

గడువు గురించి. చోరీ సొత్తు ఎవరి దగ్గరుందో హక్కుదారుకు మొదట తెలిసిన రోజు నుంచి సివిల్ దావాకు 3 ఏళ్లు, లిమిటేషన్ చట్టం 68వ ఆర్టికల్ ప్రకారం. క్రిమినల్ కేసు పాతదైపోయిందని ఎవరైనా అంటే భయపడకండి. దొంగ ఎవరో తెలియనప్పుడు ఆ లెక్క అతనెవరో తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది.

ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి స్పీడ్ పోస్టులో, ఎఫ్ఐఆర్, క్లెయిమ్ నంబర్లతో సమాచారం ఇవ్వండి. అదే రోజు కేసు పెట్టిన నెల్లూరు స్టేషన్‌లో ఫోటోలతో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మూసేసిన కేసులోనూ తదుపరి దర్యాప్తు చేయవచ్చు, బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 193(9) కింద. స్టేషన్‌లో కదలిక లేకపోతే ఎస్పీకి పంపండి.

బండి కావాలంటే దారి ఒకటుంది. క్లెయిమ్ సొమ్ము తిరిగి కడతాను, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వండని అదే ఉత్తరంలో కంపెనీని అడగండి. ఒప్పుకోవాలన్న నిర్బంధం వాళ్లకు లేదు. అయినా పాత జిప్సీని వేలం వేసే తలనొప్పి కంటే మీ చెక్కు నయమనుకోవచ్చు. ఎన్‌ఓసీ వచ్చాక మేజిస్ట్రేట్ కోర్టులో తాత్కాలిక కస్టడీకి పిటిషన్ వేయండి. స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి పడేయొద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. బాండు, పూచీకత్తు అడుగుతారు. కోర్టు అనుమతి లేకుండా బండి అమ్మకూడదు, రూపం మార్చకూడదు. హుక్కు కూడా తీయించకండి, అది సాక్ష్యం.